ఎండ రెండో మెట్టెక్కినాక

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. తప్పు నాది కాదు, నేలది. వానకు మొహం వాచిన అనంతపురం మెట్టలో పుట్టినవాడు చారెడు మబ్బు కనబడితే దాన్ని తుపాను చేసి చెప్పుకోకపోతే పొద్దుపోదు. నాలుగు చినుకులు పడితే చెరువు నిండి మరవ పారిందంటాం, గంపెడు చెనక్కాయలు పండితే మిద్దె మీద ఆరబోయడానికి చోటు చాలలేదంటాం. కాబట్టి ఈ కింద రాసేదాంట్లో తరుగు ఎంత తీయాలో మీరే తీసుకోండి. బొత్తిగా నా కల్పన ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. అంతవరకూ నమ్మినట్టు తలాడించండి, చాలు.

ఇప్పుడు మా వంటింట్లోంచి వావిలాకు ఉడుకుతున్న వాసన వస్తోంది. వాసన అనడం మర్యాద. అది ముక్కులోకి దూరి, మోకాలి చిప్ప దాకా పోయి, అక్కడి బాగోగులు వాకబు చేసి మరీ తిరిగొచ్చే రకం. ఆ నీళ్లు నా చేతుల కోసం. కిందటి చలికాలం నుంచి నా వేళ్ల కణుపులు రేగుపండ్లంత ఉబ్బినాయి. నన్నడిగితే గుమ్మడికాయలంత అంటాను. పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవడం కదిరి తేరు లాగినంత పనైపోయింది. డాక్టరు పరీక్షలన్నీ చూసి ఆర్థరైటిస్ అన్నాడు, ఏదో పదవి వచ్చినట్టు. పక్కగదిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి నా చేతులు పట్టుకొని నెమ్మదిగా చెప్పింది: పొద్దున బిగుసుకొని ఉన్నప్పుడు వేళ్లను తొందర పెట్టొద్దు, గోరువెచ్చటి నీళ్లలో ముంచండి, సన్నవి కాకుండా లావుపాటి వస్తువులు పట్టుకోండి, ఒకేచోట కూర్చోకుండా మధ్యమధ్య లేచి తిరగండి, ఇష్టమైన పని మాత్రం మానొద్దు.

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది.

"నవ్వులాట కాదు సార్."

"నవ్వులాట కాదమ్మా, గచ్చకాయలాట. ఇవన్నీ మా ఊరి గచ్చకాయల రూల్సు" అన్నాను. నా తలకు కూడా ఒక పరీక్ష రాయించాలా అన్నట్టు ఆమె చూసింది.

మాది బత్తలపల్లె. నాయనకు రోడ్డు పక్కన కిరాణా అంగడి, అంగడిని ఆనుకొనే ఇల్లు, ఇంటి ముందర మూడు మెట్ల నల్లబండల అరుగు. దాన్ని మా వైపు జగిలి అంటాం. లోపల్నుంచి బెల్లం, ఎండుమిరపకాయలు, కొత్త గోనెసంచులు కలిసిన వాసన, బయట్నుంచి ఎండకు కాలిన దుమ్ము వాసన, రెండూ వచ్చి ఆ జగిలి మీదే కలబడేవి. ఆషాఢం గాలికైతే బొరుగుల మూట విప్పితే బొరుగులన్నీ రాప్తాడు దాకా ఎగిరిపోయేవి, అక్కడివాళ్లు ఉగ్గాని చేసుకొనేవాళ్లు. వేసవి సెలవుల్లో మా మధ్యాహ్నాలు, ఉగాదికి మిగిలిన, మీరు బొబ్బట్లనే ఓళిగల ముక్కలు, వేయించిన చెనక్కాయల పొట్టు, అన్నీ ఆ బండల మీదే రాలినాయి.

ఆ జగిలికి మహారాణి మా అవ్వ, నాయనను కన్నతల్లి. ఆమె వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉండేవి, ఏ కణుపు ఎటు తిరిగిందో ఆ వేలికే తెలియదు. కణుపులు దాటి ఎక్కక ఆమె గాజులు ఎప్పుడో గూట్లో చేరినాయి. వాతం అనడం తప్ప దాని గురించి ఇంకో మాట మాట్లాడేది కాదు. గచ్చకాయల గురించయితే ఎంతైనా మాట్లాడేది. ఆమె పిల్లగా ఉన్నప్పుడు ఎగరేసిన కాయ మబ్బును తాకి దిగేదట, ఈలోగా ఆమె కింది కాయలన్నీ ఏరి, లోపలికి పోయి సంగటి కెలికి, తిరిగొచ్చి దాన్ని పట్టుకొనేదట. ఇది నా కల్పన కాదు, ఆమె చెప్పిందే. ఈ కోతల జబ్బు మా ఇంట్లో వాతం కంటే ముందే వంశానికి అంటుకుంది.

ఆట తెలియనివాళ్లకు ఒక మాట. ఐదు గచ్చకాయలో గులకరాళ్లో ఉంటాయి. ఒకటి ఎగరేసి, అది దిగేలోగా కిందివి ఒక్కొక్కటి, తర్వాత జంటలు జంటలుగా ఏరి, పైదాన్ని పట్టాలి. ఆఖరున ఐదింటినీ ఎగరేసి చెయ్యి బోర్లించి, ఆ బోర్లించిన చేతి మీద నిలబెట్టాలి. లోకమంతా ఇట్లాగే ఆడుతుంది.

మా జగిలి మీద మాత్రం వేరే రాజ్యాంగం. పొద్దున ఎండ రెండో మెట్టెక్కేదాకా కాయ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఆ రోజంతా చెయ్యి తప్పుతుందని అవ్వ చెప్పేది. ఎండ మెట్టెక్కుతుంటే మేము కోడిపిల్లల్లా చుట్టూ చేరి చూసేవాళ్లం. ఆ తర్వాత వావిలాకు నీళ్ల గిన్నె వచ్చేది, అందరూ అందులో చేతులు ముంచాల్సిందే. ఒకసారి నేను పొరుగూరి పెళ్లిలో గచ్చకాయలు కనబడగానే "నీళ్లేవి" అని అడిగి, పిల్లలు ఒక మెతుకు తక్కువవాణ్ని చూసినట్టు చూస్తే, పాపం వీళ్లకు ఆటే తెలియదనుకున్నాను. కాయలంటే రాళ్లు కావు, పాత చీర గుడ్డలో ఉలవలు పోసి కుట్టిన నిమ్మకాయంత మూటలు. చెయ్యి బోర్లించే పని లేదు, ఐదూ ఒడిలో పడితే గెలిచినట్టే. ఇక పందేనికీ పందేనికీ మధ్య ఆడేవాళ్లంతా లేచి అంగడి ముందరి స్తంభం చుట్టూ తిరిగి రావాలి. అవ్వ ముందు, మేము వెనక. కదిరి బస్సులో పోయేవాళ్లు ఈ ప్రదక్షిణం చూసి కిటికీల్లోంచే దండం పెట్టేవాళ్లు. ఒకావిడ దిగి ఆ స్తంభానికి పసుపు కుంకుమ పెట్టి పోయింది. నరసింహస్వామి ఏ స్తంభంలో ఉన్నాడో ఎవరు చూడొచ్చినారు.

నాయనకు ఇది తలవంపుగా ఉండేది. "అమ్మా, ఊరంతా నగుతాండారు. ఈ వయసులో పిల్లోల్లతో ఈ ఆటేంది? గమ్మున కూసోగూడదా?" అనేవాడు తక్కెడ చేతిలో పట్టుకొనే.

"కూసుంటే లేపేదెవురప్పా, నువ్వా?" అనేది అవ్వ.

ఎదురింటి పెద్దాయన ఆమెకు కళ్లముందరి పాఠం. మోకాళ్లు నొప్పులని పడక కుర్చీలో కూర్చున్న మనిషి. కొన్నాళ్లకు కుర్చీ ఏదో ఆయన ఏదో మాకు తెలిసేది కాదు, బట్టలు ఆరేసేటప్పుడు వాళ్ల కోడలికి కూడా తికమకగా ఉండేది. అటువంటి కుర్చీనే నాయన అనంతపురంలో కొని బస్సు మీద వేసుకొచ్చి, తల్లి మీద ప్రేమతో, జగిలి మూలన వేసినాడు. సంతలో బేరమైన మేక తాడును చూసినట్టు అవ్వ దాన్ని చూసింది. అందులో కూర్చోలేదు, మా తువ్వాళ్లు ఆరేసింది.

ఆ వేసవిలోనే ధర్మవరం నుంచి మా మేనత్త కూతురు సరోజ వచ్చింది. ఇప్పుడు వంటింట్లో వావిలాకు ఉడకబెడుతున్నది ఆమే. ఇద్దరికీ అంత ప్రమాదం ముంచుకొస్తోందని అప్పట్లో మాకు తెలియదు. వాళ్లది పట్టుచీరల వ్యాపారం, ఇంట్లోనే మగ్గాలు. పోగు తెగిందని మనం కనుక్కొనేలోపు ముడేసే వేళ్లు ఆ పిల్లవి. మా ఆట ఒక పందెం చూసి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఇదేం ఆటవ్వా? ఇట్ల యాడా ఆడరు."

"ఈడ ఆడతారు" అంది అవ్వ.

"ఎండ రావల్లంట, నీళ్లలో ముంచల్లంట, ఒడిలో పట్టచ్చంట. ఇవి ఆట కోసరం కాదు, నీ చేతుల కోసరం పెట్టుకున్నావు."

మేమందరం అవ్వ చేతుల వైపు చూసినాం. అంతకుముందు వాటిని చూడలేదని కాదు, రోజూ ఆ చేతులే మాకు అన్నం కలిపి పెట్టేవి. ఆ పూట మాత్రం మొదటిసారి అవి మాకు జబ్బు చేతులుగా కనబడినాయి. మర్నాడు ఆటలో అవ్వ మూట జారితే మేము చూడనట్టు మొహాలు తిప్పుకున్నాం. ఆమె వంతు వస్తే కాయలు దగ్గరదగ్గరగా జరిపి పెట్టినాం. రెండు పందేలు అట్లా సాగనిచ్చి, అవ్వ మూటలన్నీ బుట్టలో వేసి, లేచి, తువ్వాళ్లు తీసి పక్కన పెట్టి, ఆ కుర్చీలో కూర్చుంది. నాయన పొంగిపోయినాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ బెల్లం ముక్క చేతిలో పెట్టినాడు.

ఆ తర్వాత ఎండ ఎన్ని మెట్లెక్కినా ఎవరికీ పట్టలేదు. వావిలాకు కోసుకొచ్చేవాళ్లు లేరు. కాయలు పట్టని చేతులు ఒక్కో పూటకూ ముడుచుకుంటూ పోయినాయి, సాయంత్రం ముడుచుకొనే తుమ్మ ఆకు మాదిరి, కాకపోతే ఇవి పొద్దునకు విచ్చుకోలేదు. మొదట్లో కుర్చీలోంచి తానే లేచేది, తర్వాత నాయన రెక్క పట్టుకొని లేపేవాడు. ఒక పొద్దున కాఫీ గ్లాసు ఆమె చేతిలోంచి జారి ఒడిలో పడింది. సరోజ పరిగెత్తి ఇంకో గ్లాసు తెచ్చి నోటికి అందించబోతే అవ్వ మొహం పక్కకు తిప్పుకొంది.

ఆ సాయంత్రం సరోజ ఒక్కతే చిత్రావతికి పోయింది, నీళ్లు తప్ప అన్నీ ఉండే ఏరు అది. పావడ అంచులో ఐదు గులకరాళ్లు కట్టుకొచ్చి కుర్చీ ముందర నిలబడింది.

"అవ్వా, లెయ్. ఆడదాం."

"యా ఆట? నీదా, నాదా?"

"నీదే ఆడదాంలే. మూటలు తెస్తా."

"వద్దు. నీదే ఆడదాం. పిల్లోల్లు నాకు దారి ఇడిచి ఆడతాండారు. అది ఆట కాదు, బిచ్చం." సరోజ గులకరాళ్ల వైపు చూసి అడిగింది. "నువ్వు ఇడుస్తావా?"

"ఇడిచేదిల్యా."

"అట్లయితే రేపు ఎండ రానీ."

ఆ పందెం చూడటానికి జనం ఎంత మంది వచ్చినారంటే, జగిలి చాలక కొందరు ఎదురింటి పెద్దాయన మీద కూర్చున్నారు. కదిరి బస్సు ఆగింది. కండక్టరు విజిల్ వేయడం మరిచినాడు. నాయన తక్కెడతో సహా బయటికొచ్చినాడు, తక్కెడలో కందిపప్పు కూడా ఊపిరి బిగబట్టింది. సరోజ తన వంతులో బోర్లించిన చేతి మీద నాలుగు రాళ్లు నిలిపింది, ఒకటి జారింది. తర్వాత అవ్వ. వావిలాకు నీళ్లలో నానబెట్టిన చేతులు పంచెకు తుడుచుకొంది, మన్నించండి, చీరకు తుడుచుకొంది, కంగారులో ఎవరి బట్టలు ఎవరివో నాకే తెలియడం లేదు. ఒంట్లు అయినాయి, జంటలు అయినాయి. ఆఖరుకు ఐదూ ఎగరేసి చెయ్యి బోర్లించింది. మనందరి చేతులు నున్నటి బండలు, రాళ్లు జారిపోతాయి. అవ్వ కణుపులు చేని గట్ల మాదిరి లేచి ఉండాయి గదా, ఒక్కో గట్టు వెనక ఒక్కో రాయి వాననీళ్లు నిలబడ్డట్టు నిలబడిపోయింది. ఐదుకు ఐదూ. అవ్వ గెలిచింది. ఆ రోజు నుంచి ఆ కుర్చీ నాయనకు దక్కింది, నెల తిరక్కుండా ఆయనకు నడుంనొప్పి పట్టుకుంది.

ఆ జగిలి ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు మెట్లతో సహా పోయింది, దాంతోపాటు నరసింహస్వామి స్తంభం కూడా. అంగడి ఉన్నచోట ఇనుప షట్టరు. ఊరి వంక గట్టు మీది వావిలి పొదలు పోయినాయి, మేము అనంతపురం చేరినాం, సరోజ రాప్తాడు దాటినాక ఒక తోట కంచెలోంచి అడుక్కొని ఆకు తెస్తుంది. ఎండ రెండో మెట్టెక్కడానికి మా అపార్టుమెంటులో మెట్లున్నాయి గానీ వాటి మీదికి ఎండ రాదు. అందుకని మేము బాల్కనీ కమ్మీల నీడ సోఫా కాలిని తాకినప్పుడు ఆట మొదలుపెడతాం. అవును, ఇద్దరం ఆడతాం. మూటలు సరోజే పాత పట్టుచీర ముక్కలతో కుట్టింది. ఈ వ్యాసం కూడా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేసుకొన్న పెన్నుతోనే రాస్తున్నాను, అది పెన్నులా లేదు, రోకలిలా ఉంది.

గిన్నె తెచ్చి నా ముందర పెట్టి, సరోజ ఇంతవరకూ రాసింది చదివింది.

"బావా, అవ్వ యాడ గెలిచింది? గెలిచింది నేను గదా."

మాట ప్రకారం ఒప్పుకోవాల్సిన చోటు వచ్చింది. బస్సు, కందిపప్పు, పెద్దాయన మీద కూర్చున్న జనం, ఇవి సాగదీసినవి, ఎక్కడో ఒక మూల నిజం ఉండాది. కానీ అవ్వ గెలుపు మొత్తం నా కల్పన. ఆమె చేతి మీద ఒక్క రాయి కూడా నిలబడలేదు. ఐదూ దొర్లుకుంటూ మెట్లు దిగి రోడ్డు మీద పడినాయి. మేమందరం ఏరడానికి లేచినాం.

"కూసోండి. కాయ పారేసుకున్నోళ్లే ఏరుకోవల్ల, అది రూలు" అంది అవ్వ. అటువంటి రూలు మా ఆటలో అంతకుముందు లేదు.

కుర్చీలోంచి లేవడానికి మనిషి సాయం కావాల్సిన అవ్వ, గోడ పట్టుకొని మూడు మెట్లూ దిగింది. ఒక్కో రాయి దగ్గరా వంగి, వేళ్లు ఒప్పుకొనేదాకా ఆగి, తీసుకొని, మళ్లీ నిటారుగా లేచి, ఇంకోదాని దగ్గరికి పోయింది. ఈలోగా నీడ సగం జగిలి జరిగిపోయి ఉంటుంది. సరోజ కదలకుండా కూర్చుంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా సాయానికి పోలేదు. ఐదూ ఏరుకొని పైకొచ్చి, అవ్వ వాటిని సరోజ ముందర పోసింది.

"ఊ. నీ వంతు."

మర్నాడు పొద్దున మేము లేచేసరికి అవ్వ పెట్టిన వావిలాకు పొయ్యి మీద ఉడుకుతోంది, కుర్చీ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

ఆ కొత్త రూలు మా ఇంట్లో ఇంకా అమల్లో ఉంది. ఇందాక నా చేతిలోంచి జారిన మూట సోఫా కిందికి పోయింది. సరోజ దాని వైపు చూసింది, నా వైపు చూసింది, గిన్నెలో చెయ్యి పెట్టి నీళ్ల వేడి చూస్తూ కూర్చుంది. ఇక ఉంటాను, వంగాల్సిన పని ఉంది.