పిండిమర చాటు ట్రాక్టర్

వేడివేడి బియ్యప్పిండి వాసన తగిలితే ఎవరికైనా చక్కిలాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం డీజిలు గుర్తొస్తుంది, దాని వెనకే నిమ్మతొక్కల ఘాటు, ఆ వెనకే కడుపులో మంట. మొన్న తెనాలిలో నా చిన్ననాటి నేస్తం షమీమ్ ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ కోడలు అప్పుడే మర పట్టించుకొచ్చిన పిండిడబ్బా మూత తీసింది. అంతే, అరవై దాటినదాన్ని మళ్ళీ చిన్నపిల్లనైపోయి షమీమ్ వంక కుళ్ళుగా చూశాను.

మా నాన్నది ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు. దాని గోడను ఆనుకునే షమీమ్ వాళ్ళమ్మ ఖాదర్‌బీ పిన్ని పిండిమర. నా చిన్నప్పుడు ఒక ఏడు వరికోతలయ్యాక బాపట్ల సముద్రపుటొడ్డున రైతుల ట్రాక్టర్లకు పందెం పెట్టారు. ఇసుకబస్తాలు నింపిన ట్రక్కును వెనక కట్టుకుని, నిలబడ్డ చోటు నుంచి ఒక్క ఊపున అవతలి గీత దాకా ఎవరు ముందు లాగితే వాళ్ళది గెలుపు. పందెం రైతులది, ట్రాక్టర్ కంపెనీలు వేలు పెట్టకూడదు. పెట్టకూడదంటే ఊరుకుంటారా? ఒక కంపెనీవాళ్ళు కళ్ళజోడు ఇంజనీరొకాయన్ని చాటుగా పంపి, రేపల్లె రైతు పేరు మీద ఒక బండిని మా షెడ్డులోనే తయారుచేయించారు. గెలిస్తే తెనాలిలో తమ సర్వీసు బోర్డు మా షెడ్డుకే కడతామన్నారు. ఆ బోర్డు కోసం నాన్న తిండీ నిద్రా మానేశాడు.

సామాను నిమ్మకాయల బస్తాల్లో దిగేది, పైన కాయలు, అడుగున గేర్లు. ఆ చలికాలమంతా మా ఇంట్లో నిమ్మకాయ పచ్చడి, పులిహోర, షర్బత్తు. పిండేసిన తొక్కలతో నాన్న చేతుల గ్రీజు తోముకునేవాడు. ఇంజను చప్పుడు మిగతా మెకానిక్కుల చెవిన పడకూడదు కాబట్టి, అది గొంతు పెంచినప్పుడల్లా పక్కన పిండిమర తిరగాలి. మర ఊరికే తిరిగితే అనుమానం కదా, అందుకని అమ్మా, ఖాదర్‌బీ పిన్నీ వంతులేసుకుని బియ్యం, శనగలు, మినుములు పోసేవాళ్ళు. క్రిస్మస్ వెళ్ళిపోయినా మా పొయ్యి మీద నూనెమూకుడు దిగలేదు, పండగ లేదు పబ్బం లేదు, అరిసెలు, జంతికలు, చక్కిలాలు డబ్బాలు నిండి పొర్లిపోయి, చివరికి చర్చిలో పాస్టరమ్మగారు "ఏంటమ్మా, ఇంట్లో ఏదైనా శుభకార్యమా?" అని అమ్మని నిలేసేదాకా వచ్చింది.

షెడ్డులోకి పిల్లలు రాకూడదు. కానీ షమీమ్ వెళ్ళేది! గోడకున్న కంత దగ్గర నిలబడి, నాన్న చెయ్యెత్తగానే అవతలున్న వాళ్ళమ్మకు కేకేసి మర తిప్పించే పని దానికిచ్చారు. కన్నకూతుర్ని నేనుండగా! ఏడ్చి అడిగితే నాన్న నవ్వేసి, "నీ నోట్లో నువ్వుగింజ నానదమ్మా. ఆ పిల్ల చచ్చినా చెప్పదు" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా కాలదా? సాయంత్రం అది జడనిండా డీజిలు వాసనతో వచ్చి అష్టాచెమ్మాకు కూర్చునేది. "ఏ రంగే? చక్రాలు ఎంతెంత ఉన్నాయే?" అని బతిమాలేదాన్ని. "బాబాయ్ చెప్పొద్దన్నారు" అని తాపీగా గవ్వలు వేసేది. ఆ గవ్వలు తీసి దాని మొహాన కొట్టాలనిపించేది. దాని మీద కోపంతో ఖాదర్‌బీ పిన్ని పెట్టిన సేమ్యా కూడా మెచ్చుకోకుండా తిన్నాను.

పందెం రోజు వీధి వీధంతా బాపట్ల బస్సెక్కాం. ఒళ్ళంతా బురద పూసి రంగు కనపడకుండా చేసి, లారీలో తెచ్చి దింపిన మా బండి మీద రేపల్లె రైతు తరఫున నాన్న, పక్కన పొన్నూరు బండి. ఎర్రగుడ్డ ఊపగానే మాది దూకింది, సగం దూరం దాకా ముందే ఉంది. ఉన్నట్టుండి నాన్న తల వంచి చెవి ఒగ్గాడు. బండి జోరు తగ్గింది, పొన్నూరు బండి గీత దాటేసింది.

"లోపలేదో కిటకిటమంటోంది. ఇంకాస్త తొక్కితే ఇంజను పగిలేది" అన్నాడు నాన్న దిగుతూనే, మొహం వేలాడేసుకుని.

షెడ్డుకి తెచ్చి విప్పితే ఏమీ కాలేదు. కంపెనీ గుట్టు బయటపడుతుందని ఒడ్డున పరాయివాడిలా నిలబడి కొబ్బరిబొండం తాగిన ఇంజనీరు, ఆ సాయంత్రం వచ్చి, "కొత్త గేర్ల చప్పుడే అంతండి" అని చల్లగా చెప్పాడట. నెలల తరబడి పిండిమర హోరులోనే పనిచేసిన నాన్న, ఆ ఇంజను గొంతు పెంచి ఒక్కటే మోగితే ఎలా ఉంటుందో ఎన్నడూ వినలేదు. బోర్డు రాలేదు. ఆ తర్వాత మర తిరిగినప్పుడల్లా నాన్న షెడ్డు తలుపు మూసుకునేవాడు.

ఇప్పుడు షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు, మర ఉన్నచోట స్కూటర్లు పెట్టుకుంటున్నారు. నాన్న లేడు, పిన్ని లేదు, బస్తాల్లో నిమ్మకాయల కింద ఏముందో చూడాలని తహతహలాడే పిల్లలూ లేరు.

"ఇప్పటికైనా చెప్పవే, ఏ రంగు?" అన్నాను షమీమ్‌తో.

"నీలం. బాబాయ్ నన్ను సీట్లో కూర్చోబెట్టారు. స్టీరింగ్ కూడా తిప్పాను" అంది, చక్కిలం విరుచుకుంటూ. నా కడుపు మళ్ళీ భగ్గుమంది. అది ఆగలేదు. "బాబాయ్ అన్నానికెళ్ళినప్పుడు ఓరోజు మర బెల్టు తెగింది. ఇంజనీరు సార్ బండి స్టార్ట్ చేసి ఉన్నారు. కిటకిటమంది. ఏంటి సార్ అంటే, గేర్లు అంతేనమ్మా, చప్పుడు వీధిలోకి పోయిందని ఎవరికీ చెప్పకు, మీ బాబాయికి కూడా చెప్పకు అన్నారు."

"ఓసి నీ నోరు పడ! మాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దన్నారుగా. నువ్వు కూడా రంగు అడిగావు, చక్రాలు అడిగావు, చప్పుడు అడగలేదు."

కోడలితో పిండిడబ్బా మూత పెట్టెయ్యమన్నాను. నేనైతే ఆ సాయంత్రానికే వీధంతా టముకు వేసేదాన్ని. గుట్టు రట్టయితే అయ్యేది గానీ, నాన్న చెవిన కూడా పడి ఉండేది. నోట్లో నువ్వుగింజ నానని దాన్నే ఆ కంత దగ్గర నిలబెట్టాల్సింది, నాన్నా.