జగన్నాథరావు ముక్కు, ఎర్రమ్మ సాంబ్రాణి

అందరికీ కోపం ముక్కు మీద ఉంటుంది. జగన్నాథరావుకి ముక్కు లోపల ఉంటుంది. మంచిదో చెడ్డదో, ఏదో ఒక వాసన తగిలితే చాలు, మనిషి భగ్గుమంటాడు. పూండి నుంచి పలాస వెళ్లే ఆటోలో ఎవరో సెంటు పూసుకొచ్చారని దారి మధ్యలో దిగిపోయి, మూడు కిలోమీటర్లు తిట్టుకుంటూ నడిచాడు. మేనకోడలి పెళ్లిలో పన్నీరు చల్లుతున్నవాడి చేతిలోంచి బుడ్డి లాక్కుని పెరట్లో పారబోశాడు. వీధిలో ఆడవాళ్లు ఆయన ఇల్లు దాటేటప్పుడు తలలో పూల మీద కొంగు కప్పుకునేవారు.

ఎదురింటి ఎర్రమ్మ మాత్రం కప్పుకునేది కాదు. ఆవిడకి భయం కన్నా ఆరా ఎక్కువ. ఆయన రిటైరై ఊరొచ్చిన రోజే గుమ్మంలో నిలదీసింది.

"ఏటి బావా, ముప్పయ్యేళ్లు ఆ పట్నంలో ఏటి సేసినావు?"

"పురుగుల మీసాలు కత్తిరించినాను."

"మంగలి పనా?"

అంతే, భగ్గుమన్నాడు. పైరు తినే పురుగుకి ముక్కు ఉండదట, మీసాలతోనే వాసన పడుతుందట. ఒక్కో రకం వాసనకి మీసంలో ఒక్కో తాళం ఉంటుందట. ఆ తాళం ఎలా తయారవ్వాలో పురుగు ఒంట్లో పుట్టుకతోనే రాసి ఉంటుందట, ఆ రాత పేరు జీనట. ఆ రాత చెరిపేస్తే పురుగు కొబ్బరిచెట్టు మీదే కూర్చుని, కొబ్బరిచెట్టు ఎక్కడుందా అని వెతుక్కుంటుందట.

"పురుగులేసుకునే జీను ప్యాంట్లు నాకెందుకు గానీ, దానికి రుచెలగ తెలుత్తాది?"

"కాళ్లతోటి! కాలు పెడితే రుచి తెలిసిపోతాది!"

"అయితే సెప్పులేసుకుంటే పస్తేనన్నమాట."

ఆయన తలుపు వేసిన చప్పుడుకి వీధిలో కాకులన్నీ లేచాయి.

నవ్వులాటకేం గానీ, కొమ్ముపురుగంటే ఎర్రమ్మకి గుండె దడే. తిత్లీ తుపాను ఆవిడ కొబ్బరితోటని ఒక్కపూటలో నేలకి పడుకోబెట్టింది. పడిన మానులు కుళ్లి, వాటిలో కొమ్ముపురుగు పుట్టి, మిగిలిన చెట్ల నడినెత్తిన ఉండే లేత మొవ్వులు తొలిచేసింది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మళ్లీ నాటిన పదకొండు మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేయబోతున్నాయి. రోజూ పొద్దున్నే తలెత్తి పదకొండు మొవ్వులూ చూసుకున్నాకే ఆవిడ గొంతులో టీ దిగేది.

అందుకే వ్యవసాయం ఆఫీసువాళ్లు తలా ఒక బకెట్టు పంచి, "ఇది లింగాకర్షక బుట్ట. లోపల వేలాడే పొట్లం వాసనకి పురుగులొచ్చి పడతాయి" అన్నప్పుడు, ఎర్రమ్మ మనసుకి పట్టింది ఒక్క ముక్కే. లింగం. బుట్టని తోట నడిమధ్య చెట్టుకి కట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, సోమవారం పూట దాని కింద సాంబ్రాణి వేసింది.

పొగ ఇంకా పైకి లేవలేదు, కేక లేచింది.

"ఎవులది! ఏటా కంపు!"

జగన్నాథరావు పంచె ఎగ్గట్టుకుని ఉరికొచ్చాడు. "లింగమంటే శివుడు కాదే! ఆడా మగా! అది పురుగుల పెళ్లిసూపుల వాసన! సాంబ్రాణేత్తే ఇంక మీసానికేటి తెలుత్తాది?"

"పెళ్లిసూపులకి ధూపమేత్తే తప్పేటి బావా?"

"నోర్ముయ్! పైగా కట్టడం ఎక్కడ కట్టినావో సూడు! బుద్ధుందా నీకు?"

బుట్ట ఊడబీకి, చంకన పెట్టుకుని చక్కా పోయాడు.

ఎర్రమ్మ నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గురించి మాత్రం వీధి వీధంతా మాట్లాడింది. తన మొవ్వులకి ఒక్క గాటూ పడకపోవడం ఆ ఒక్కపూట వేసిన సాంబ్రాణి మహిమేనని కూడా చాటింది.

ఒకరోజు ఎండుచేపలమ్మే నూకరత్నం గంప దించుతూ కబురు చెప్పింది. "అప్పా, నీ బుట్ట సముద్రం పక్కనున్న జగన్నాథరావు బావ తోటలో ఏలాడతంది. నిండా పురుగులే."

"ఆడు ఎవుల్నీ రానివ్వడు కదే, నువ్వెలగ సూసినావు?"

"నన్ను రానిత్తాడు. ఎండుసేప వాసనకి పురుగు మీసంలో తాళమే నేదంట."

ఎర్రమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. దేవుడి సాంబ్రాణి కంపూ, ఎండు నెత్తళ్లు పరిమళమూనా! కొంగు దోపి, ఇసకదారిన విసవిసా నడిచి, ఆ తోటలో అడుగుపెడుతూనే అందుకుంది.

"దొంగ సచ్చినోడా! నా బుట్టా, నా పురుగులూ నాకు పారెయ్! ఇంతింత సదువు సదివి..."

తలెత్తి మొవ్వులు చూడటం అలవాటైన కళ్లు కదా, వాటంతటవే పైకి వెళ్లాయి. తిట్టు సగంలో ఆగిపోయింది. జగన్నాథరావు చెట్ల ఆకులన్నీ ఎవరో కత్తెర పెట్టి కోసినట్టున్నాయి.

"ఇదేటి బావా?"

"ఏటేటి! బుట్ట ఎక్కడుంటే పురుగు అక్కడికొత్తాది. పడింది పడతాది, పడనిది పక్క మొవ్వులో దూరతాది. నీ తోట నడిమధ్యనుంటే ఆ పసిమొక్కలు బతుకుతాయా? నా సెట్లు ముదురువి, ఓర్సుకుంటాయి."

"ఆ ముక్క అప్పుడే సెప్పకూడదా?"

"సెప్తే? ఇక్కడికీ సాంబ్రాణి మోసుకొద్దువు!"

ఎర్రమ్మ తెచ్చుకున్న తిట్లు సగం మిగిలిపోయాయి, మెచ్చుకోవడం అలవాటు లేదు. చేతులెత్తి దణ్ణం పెట్టింది. పెట్టడం బుట్టకే పెట్టింది గానీ, దాని వెనక నిలుచున్న మనిషికి తగిలేలా పెట్టింది.

జగన్నాథరావు ముక్కుపుటాలు అదిరాయి.

"దూరం నుంచి పెట్టెహె! తలనూనె కంపు!"

మర్నాడు పొద్దున్న ఎర్రమ్మ టీ గ్లాసు పట్టుకుని ఆ తోటలోకి దర్జాగా నడిచి వెళ్లింది, కొంగున గుప్పెడు ఎండు నెత్తళ్లు ముడేసుకుని.