సూదితో పుట్టిన తెల్లకణాలు

“యూరియా గుమ్మరిస్తే పత్తి ఆకు పెడ్తది గాని కాయ పెడ్తదా, అవ్వా? గట్లనే గీ సూది. లెక్కకు తెల్లకణాలు పుట్టిస్తది, అవి పని జెయ్యయి. నా మొగడు నడుము పట్టుకొని పండుకున్నడు.”

“పత్తి మూట మోసిన నాడు గూడ గిట్లనే మూలిగిండు కావచ్చు. అప్పుడు డాక్టర్ను అడిగినవా? కూసో.”

మొదటి మాట కంగ్టి నుంచి వచ్చిన నాగమ్మది, రెండోది నాది. అప్పటికి నేను నారాయణఖేడ్‌లో ఒక దవాఖానలో ఆయాను. రిటైర్ కావడానికి ఏడాది ఉంది. చదువు మూడో తరగతి, ఉద్యోగం నాలుగో తరగతి. ఆ లెక్కన ఒక తరగతి పైకే పోయాను.

నాగమ్మ మరిదికి రక్త క్యాన్సర్. హైదరాబాద్‌లో మందు ఎక్కించాక తెల్లకణాలు అడుగంటాయి, జ్వరం దిగడం లేదు. అతని అన్న, నాగమ్మ మొగుడు సంగప్ప తన కణాలిస్తానన్నాడు. పరీక్షలు అక్కడే అయ్యాయి. ఇచ్చే ముందటి సాయంత్రం దాతకు ఒక సూది వేస్తారు. అది ఎముకల మూలుగలోని కణాలను పెంచి రక్తంలోకి తరుముతుంది. అందుకే ఎముకలు నొస్తాయి. సూదిమందు అక్కణ్నుంచే ఐసు డబ్బాలో మా దవాఖానకు వచ్చింది. వేసింది సిస్టర్. వేశాక మనిషిని కనిపెట్టుకొని ఉండడం నా పని.

నాగమ్మ అతణ్ని లేపి ఇంటికి తీసుకుపోతానంది. పోతే పొద్దున హైదరాబాద్ పోయే తొలి బస్సు తప్పుతుంది, మరిదికి కణాలందవు. నిజానికి యూరియా మాట నాకూ సబబే అనిపించింది. డాక్టర్‌ను పిలిచాను.

ఈ కణాలు క్రిములను మింగడంలో, చంపడంలో తక్కువేం కావని ఆయన చెప్పాడు. మామూలు వాటికన్నా ఎక్కువసేపు బతుకుతాయి కూడా. కాకపోతే పుండు దాకా పోయే నడక కొంచెం నెమ్మదట. సంగప్ప రక్తం కొద్ది రోజుల్లో మామూలుకు వస్తుందట.

“నడక మెల్లగ, మింగుడు మంచిగ. మా వార్డోళ్ల లెక్కనే. గా నడకతోనే గీ దవాఖాన ఇన్నేండ్లు నడిచింది,” అన్నాను.

సంగప్ప నొప్పిలోనే నవ్వాడు. నాగమ్మ నవ్వలేదు. “మింగుతయి గదా, సాబ్?” అని రెండుసార్లు అడిగి కూర్చుంది.

కసిరితే మనిషి నోరు మూస్తుంది, జవాబు దొరికితే కూర్చుంటుంది. ఇన్నేళ్లు నేను మొదటిదే చేశాను.

మరునాడు పొద్దున ఐసు డబ్బాను నేను పారెయ్యనివ్వలేదు. కడిగి ఇస్తే నాగమ్మ అందులో జొన్నరొట్టెలు పెట్టుకుంది. సంగప్పను చెయ్యిపట్టి తొలి బస్సెక్కించి, తానూ ఎక్కింది. “ఈయనవి సాలకపోతే గా సూది నాకెయ్యమని సాబ్‌కు చెప్పు, అవ్వా,” అని కిటికీలోంచి అంది. బస్సు పోయింది.