కమిలితో నేను మాన్పించిన గోలీలు

2023 చలికాలం. వరంగల్ దిక్కున ఉన్న గూడూరులో మా మందుల షాపు. నేను చదివింది ఏడో తరగతే. మిగతా చదువంతా మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాల దగ్గర నేర్చుకున్నాను. చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాలు. రోగికి తెలియాల్సిన మాటలు రోగి చదవలేనట్టు అచ్చువేసే ఈ పద్ధతి మీద నాకు నలభై ఏళ్లుగా కోపమే.

ఒకరోజు తండా నుంచి కమిలి వచ్చింది. మిరప తోటల్లో కూలికి పోయే మనిషి. వేళ్ల కణుపులు వాచి, పొద్దున పూట పిడికిలి పడటం లేదని వరంగల్‌లో కీళ్ల డాక్టరమ్మకు చూపించుకుంది. ఆమె మెథోట్రెక్సేట్ రాసింది. వారానికి ఒక్కసారే వేసుకునే గోలీ.

"బాపూ, జర సూడు. గిది వాడవట్టి నోరంత పూసింది. ఏం మందు గిది?"

కాగితం విప్పాను. క్యాన్సర్‌కూ వాడతారని ఉంది. ఇమ్యూనిటీని, అంటే రోగాన్ని ఆపే శక్తిని, తగ్గిస్తుందని ఉంది. నాకు మండింది. కరోనా అప్పుడు ఆ శక్తి పెరగాలనే కదా జనం జింకు గోలీల కోసం మా షాపు ముందు వరుస కట్టింది.

"ఉన్న బలం తీసే మందు రాసిన్రు బిడ్డా. బంద్ చెయ్. బలం గోలీలు ఇస్త."

"నువ్వు చెప్తే సరే."

మూడు నెలలకు కమిలి కుడి చేతిని ఎడమ చేత్తో మోసుకొచ్చినట్టు పట్టుకుని వచ్చింది. షాపు మూసి, ఆమె వెంట నేనూ వరంగల్ బస్సెక్కాను.

"మందు ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనే మర్సిన," అంది కమిలి నేల చూస్తూ.

"కమిలి మర్వలేదమ్మా. నేనే ఆపమన్న," అన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. ఒంటిని కాపాడే కణాలే సొంత కీళ్లను పరాయివనుకుని కొడుతున్నాయట. దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారట. వాటిని అదుపులో పెట్టే కణాలు వేరే ఉంటాయట, రెగ్యులేటరీ టి-సెల్స్ అని. నోటి పూతకు కూడా వేరే గోలీ ఉందట.

"అంటే కావలోళ్ల మీద ఇంకో కావలి. మరి గా మీదోళ్లు ఏం జేస్తున్నరు?"

"వాళ్లు ఎందుకు తప్పుతారో మాకూ ఇంకా పూర్తిగా తెలియదు, పెద్దాయనా."

అంత చదివిన మనిషి తెలియదంది. నేను ఒక కాగితం చదివి ఒక్క నిమిషంలో తీర్పు చెప్పాను.

2025లో ఆ కణాల సంగతి తేల్చిన వాళ్లకు నోబెల్ వచ్చిందని పేపర్లో పడితే నాలుగుసార్లు చదివాను. అర్థమైనట్టే ఉంటుంది, పేపర్ మడిచేసరికి మళ్లీ చిక్కుపడుతుంది. మనల్ని మనమే ఎట్లా కొట్టుకుంటాం?

మందు మళ్లీ మొదలుపెట్టాక వాపు తగ్గింది. కుడి చేతి రెండు వేళ్లు మాత్రం వంకర పోయి అట్లాగే ఉండిపోయాయి. కాయ తెంపేది ఆ వేళ్లతోనే. ఇప్పుడు ఎడమ చేత్తో తెంపుతోంది.

"మంచికే చెప్పినవ్ గద బాపూ," అంటుంది కమిలి.

మంచికే చెప్పాను. ఇప్పుడు ఎవరైనా మందు ఆపమంటావా అని అడిగితే, "నాకు తెల్వదు, రాసినోళ్లను అడుగు" అంటున్నాను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. కమిలికి రెండు వేళ్లు పోయాయి.