ఒడ్డున కూర్చుని ఈదిన నెలలు

నాకు ఈత రాదు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఈ దీవుల్లో, జంగ్లీఘాట్‌లో కిటికీ తెరిస్తే సముద్రం వాసన వచ్చే గదిలో పెరిగి, ముప్పై ఏళ్ళు దగ్గరపడుతున్నా రాలేదు. మా ఇళ్ళల్లో నీళ్ళలోకి వెళ్ళేది మగవాళ్ళు. ఆడవాళ్ళు తట్టలతో ఒడ్డున నిలబడతారు. నేను తట్ట కూడా పట్టలేదు. చదువుకుని ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఆ ఏడాది నన్ను నేను బాగుచేసుకోవాలన్న కోరిక పుట్టింది. ఏదో హిందీ వీడియోలో చెప్పారు: రానిది ఏదైనా ఒకటి నేర్చుకో, వారం వారం దాని గురించి బ్లాగు రాయి, నలుగురు చూస్తున్నారంటే మధ్యలో మానెయ్యలేవు, అని. రానిది ఏమిటా అని ఆలోచిస్తే ముందు ఈత గుర్తొచ్చింది. తర్వాత తెలుగు రాయడం. స్కూల్లో నేను చదివింది హిందీ. తెలుగు ఇంట్లో మాట్లాడడం వరకే. అక్షరాలు పెద్దయ్యాక ఫోన్‌లో చూసి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను.

కాబట్టి ఈత గురించి తెలుగులో రాయాలనుకున్నాను. ఒక దెబ్బకి రెండూ వచ్చేస్తాయన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరే. ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్ళు లేరు. ఇంట్లో నాన్నకి సంతకం వరకే వచ్చు, అమ్మకి అదీ రాదు. నేనేం రాసినా అడిగే దిక్కు ఉండదు.

మొదటి శనివారం నిజంగానే బీచ్‌కి వెళ్ళాను. చీలమండ దాకా నీళ్ళలో నిలబడ్డాను. కాళ్ళ కింద ఇసుక జారుతుంటే గుండె జారింది. వెనక్కి వచ్చి, పకోడీలు తిని ఇంటికి చేరాను. ఆదివారం మధ్యాహ్నం దాని గురించి రాస్తే బొత్తిగా చప్పగా ఉంది. చీలమండ అన్నచోట మోకాలు అని మార్చాను. కాసేపటికి మోకాలు నడుమైంది. పోస్టు పెట్టేసరికి నీళ్ళు నడుము కూడా దాటేశాయి.

రెండో శనివారం బీచ్‌కి వెళ్ళనేలేదు. ఈత నేర్పే వీడియోలు నాలుగు చూసి, ఊపిరి ఎలా తీసుకోవాలో, కాళ్ళు ఎలా ఆడించాలో నా అనుభవంలా రాసేశాను. అది చాలా బాగా వచ్చింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మంచం మీద బోర్లా పడుకుని ఈదుతూ ఉండేదాన్ని.

మూడో నెలలో ఒక వ్యాఖ్య వచ్చింది. కింద 'మీ పాఠకులు' అని మాత్రం ఉంది. "పెద్ద కిరీటం వచ్చి నా తల మీద పడింది అని రాశారు. పడినది కెరటమా, కిరీటమా? కిరీటమైతే అభినందనలు."

ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఫోన్ ఇచ్చిన తెలుగు మాట అది. నేను చూసుకోలేదు. సరిదిద్దాను. తర్వాతి వారం "చివరికి వద్దుకు చేరాను" అని రాస్తే, "ఒడ్డు వద్దంటే ఈతగాళ్ళు ఎక్కడికి పోవాలి?" అని వచ్చింది. ఎక్కడో రాజమండ్రిలో పంచెకట్టుతో, నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషిని ఊహించుకున్నాను. ఆయన కోసం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. అక్షరాల సంగతే చెబుతున్నాను, నిజం సంగతి కాదు.

అయితే ఆ పెద్దమనిషి అప్పుడప్పుడు గొంతు మార్చేవాడు. ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి పీకలోతు నీళ్ళలో ఈదానని రాశాను. మర్నాడు జవాబు ఇలా ఉంది: "అమాస నాడు నాలుగింటికి ఆటు. రాళ్ళు బయటికి తేలుంటాయి. పీకలోతు నీళ్ళు నీకెక్కడివే?"

ఆ చివరి 'వే' చూసి వీపు నిటారైంది. "మా బీచ్ వేరండీ" అని రాశాను. "సముద్రం ఒకటే" అని జవాబొచ్చింది.

మా వీధి చివర ఒక రిటైరైన తెలుగు టీచర్ ఉంటారు. తెలుగు చర్చిలో ఆదివారం బైబిల్ వాక్యం చదివేది ఆవిడే. అమ్మ ఆవిడకి చేపలు ఇస్తుంది, ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళ వరండాలో కూర్చుని టీ తాగి వస్తుంది. ఒక ఆదివారం నేను కొట్టుకి వెళ్ళి వచ్చేసరికి నాన్న తాళం వేసున్న ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. తాళంచెవి అమ్మ దగ్గరుంది. తెద్దామని వెళ్ళాను. గేటు దాటి గోడ పక్కకి వచ్చేసరికి టీచర్ గొంతు వినిపించింది. వాక్యం చదివినట్టే, కామా దగ్గర ఒక క్షణం, చుక్క దగ్గర రెండు క్షణాలు ఆగుతూ చదువుతున్నారు. అది నిన్నటి ఈత గురించి నేను గంట కిందట పెట్టిన పోస్టు.

"'నేను చేపలా జారిపోయాను' అని రాసిందమ్మా."

"ఏ సేప?" అమ్మ అడిగింది.

"ఏ చేపో చెప్పలేదు."

"సేపలోళ్ళింట పుట్టి ఏ సేపో సెప్పదేటి? అడగండి టీచరమ్మా. ఏ సేప అని రాయండి."

"మర్యాదగా రాద్దాం. 'ఏ జాతి చేపో వివరించగలరు.'"

"ఇంకోటి. నిన్న ఆ టైముకి ఇంట్లోనే ఉంది. మరమరాలు తింటా టీవీ సూస్తంది. అదీ రాయండి."

"అది రాస్తే మనం దొరికిపోతాం."

"ఠీక్ హై, అది వదిలేయండి."

ఎలా దొరికిపోయానో తర్వాత తెలిసింది. బ్లాగు ఎలా కనిపిస్తుందో చూద్దామని ఒకసారి అమ్మ ఫోన్‌లో తెరిచి, మూయడం మరిచిపోయాను. పైనున్న ఫోటోలో అమ్మ చేపల టబ్బు ఉంది. "నా టబ్బు మీద ఏటి రాసుందో సదవండి" అంటూ ఆవిడ ఫోన్ పట్టుకుని టీచర్ దగ్గరికి వెళ్ళింది.

గోడ పక్కన నిలబడి సిగ్గుపడాల్సిన సమయం అది. కానీ నాకు నవ్వు ఆగలేదు. వెనక్కి గేటు దాకా నడిచి, అక్కడినుంచి "అమ్మా" అని గట్టిగా పిలిచాను. లోపలికి వెళ్ళేసరికి ఫోన్ దిండు కింద ఉంది. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ వారం పోస్టులో అమ్మని పెట్టాను. మా అమ్మకి నీళ్ళంటే భయమనీ, ఆటోలో సముద్రం పక్కన వెళ్తున్నా చీర కుచ్చిళ్ళు పైకి లాక్కుంటుందనీ, చేపల పులుసులో చింతపండు ఎక్కువ వేస్తుందని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదనీ రాశాను.

సోమవారం పులుసులో పులుపన్నదే లేదు.

"ఏటమ్మా, సింతపండు మరిసిపోయావా?"

"పులుపు ఎక్కువౌతందని ఎవులో అన్నారు."

"ఎవులు?"

"మార్కెట్ల అన్నారు. తిను."

నాన్న ఒక ముద్ద తిని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆవకాయ సీసా దగ్గరికి లాక్కున్నాడు.

తర్వాతి వారం అమ్మ పులుసుని ఆకాశానికెత్తాను. చింతపండు తిరిగొచ్చింది. రొయ్యల వేపుడు తిని చాలా కాలమైందని రాస్తే మంగళవారం రొయ్యలు వచ్చాయి. బ్లాగుతో ఇన్ని పనులు జరుగుతాయని ఆ వీడియోలో చెప్పలేదు. ఈత కన్నా ఇదే బాగుందనిపించింది. ఆ ఊపులో అతి చేశాను. లోపల లంగరు వేసిన పడవ దాకా ఈది, దాన్ని ముట్టుకుని వచ్చానని రాశాను.

జవాబు పొట్టిగా ఉంది. "వచ్చే శనివారం పున్నమి. పోటు పొద్దున్న తొమ్మిదిన్నరకి. మేము చూడగోరుచున్నాము."

గురువారం నుంచి దగ్గడం మొదలుపెట్టాను. "ఆఫీసులో రాని దగ్గు ఇంటికొచ్చేకే వస్తందేటి?" అంది అమ్మ. శనివారం పొద్దున్న బ్యాగు నా చేతిలో పెట్టింది. "టీచరమ్మ బీచ్‌కి ఎల్తారంట. గాలి మారాలంట. నువ్వూ రా, బ్యాగు పట్టుకుందువు." బ్యాగులో నా పాత చుడీదార్, తువ్వాలు ఉన్నాయి.

ఆటో అతను అద్దంలోంచి చూసి, "దీదీ, పిక్నిక్ హై క్యా?" అన్నాడు.

"నహీ భయ్యా," అంది అమ్మ, "ఆజ్ హమారీ బేటీ తైరేగీ." ఈవేళ మా పిల్ల ఈదుతుందని ఆటోవాళ్ళకి కూడా చెప్పేసిందన్నమాట. నేను బ్యాగు గట్టిగా పట్టుకుని రోడ్డు వైపు చూశాను.

బీచ్‌లో ఇద్దరూ దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. ఎవరూ బ్లాగు మాట ఎత్తలేదు. అమ్మ పల్లీల పొట్లం విప్పి, దూరంగా ఊగుతున్న పడవని గడ్డంతో చూపించింది.

"ఎల్లి, దాన్ని ముట్టుకుని వచ్చేయ్. మేము పల్లీలు తింటాం."

నడిచాను. మోకాళ్ళ దాకా వెళ్ళేసరికి కెరటం వచ్చి, నిలబడ్డదాన్ని కూర్చోబెట్టింది. నోటినిండా ఉప్పు. జుట్టు మొహం మీద. అలాగే కూర్చుని ఒడ్డు వైపు తిరిగి, "నాకు రాదమ్మా," అన్నాను.

"మాలూమ్," అంది అమ్మ పల్లీ ఒలుస్తూ. "సురూ నుండి మాలూమ్." మొదటినుంచీ తెలుసట.

అప్పుడు టీచర్ కళ్ళజోడు తీసి అమ్మ చేతికిచ్చారు. ఆవేళ ఆవిడ చీర కట్టుకోలేదని నేను గమనించింది కూడా అప్పుడే. నన్ను దాటుకుని లోపలికి నడిచి, నడుములోతులో వెల్లకిలా వాలి, నవారు మంచం మీద పడుకున్నట్టు నీళ్ళ మీద పడుకున్నారు. నేనూ అమ్మా నోళ్ళు తెరుచుకుని చూశాం. అది అమ్మకీ తెలియదు.

"మాది మాయాబందర్ కదా," అన్నారు పడుకునే. "చిన్నప్పుడు జెట్టీ మీంచి దూకేవాళ్ళం. నాన్నగారు కొట్టేవారు. టీచర్‌నయ్యాక బాగుండదని మానేశాను. నలభై ఏళ్ళయింది. నీ రాతలు వారం వారం చదువుతుంటే మళ్ళీ దిగాలనిపించింది."

నేను తల వంచుకున్నాను. నా అబద్ధాలు చదివి నిజంగా నీళ్ళ మీద ఆశ పడిన మనిషి ఒకరున్నారని నాకు తోచనే లేదు.

"రా. తల వెనక్కి వాల్చు. చెవులు మునగాలి."

"మునిగిపోతానేమో టీచర్."

"మునగవు. ఇన్ని అబద్ధాలు తేల్చావు, నిన్ను నువ్వు తేల్చుకోలేవా?"

వీపు కింద ఆవిడ అరచెయ్యి ఉంది. చెవుల్లోకి నీళ్ళు వచ్చి లోకం మాటలన్నీ ఆగిపోయాయి. నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. మేఘాలు చూస్తూ అలా ఎంతసేపున్నానో తెలియదు. కళ్ళు తిప్పి చూస్తే టీచర్ రెండు బారల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒడ్డున అమ్మ పల్లీల పొట్లం వదిలేసి లేచి నిలబడింది. వెంటనే మునిగాను, అది వేరే సంగతి.

పది బారలు ఈదడానికి వానలు మొదలయ్యే దాకా పట్టింది. పడవ ఇప్పటికీ నాకు దూరమే. అమ్మ మోకాళ్ళ దాకా వస్తుంది, చీర ఎత్తిపట్టుకుని.

బ్లాగులో అంతా ఒప్పుకున్నాను. ఇన్ని నెలలు రాసినవి మంచం మీది ఈతలనీ, చెవులు మొదటిసారి తడిసింది పున్నమి శనివారమనీ రాశాను. దానికి కాకినాడ నుంచి ఒకావిడ జవాబు రాసింది. ఆ పేరు అంతకుముందు ఎప్పుడూ చూసినట్టు లేదు. నా పాఠాలు చదివి, అందులో చెప్పినట్టే ఊపిరి తీసుకుంటూ, కాళ్ళు ఆడిస్తూ పిల్లలతో పాటు ఈత నేర్చుకుందట. మీకే రాకపోతే నాకెలా వచ్చిందండీ, అని అడిగింది.

ఆ జవాబుని టీచర్ వరండాకి తీసుకెళ్ళాను. ఇప్పుడు ఆదివారాలు ముగ్గురం కూర్చుంటున్నాం. టీచర్ చదివారు. అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"దానికేటి, రాయి. నువ్వు నీళ్ళల్లోకి దిగినావు, నేర్సినావు. మా పిల్ల దిగనేదు, నేర్సనేదు. అంతే."

నేను ఉన్నదున్నట్టు కొట్టాను. 'నేర్చినావు' అని దిద్దమన్నారు టీచర్. తను అలా అనలేదంది అమ్మ. టీ చల్లారిపోయింది, వాళ్ళు ఇంకా తేల్చుకోలేదు.