దేవిశ్రీ ఉత్తుత్తి కొట్టు

దేవిశ్రీ కష్టపడి సాధించిన మొదటి విజయం స్కూటీ లైసెన్సు. రెండుసార్లు పరీక్ష తప్పాక, గోడౌను ముందు ముగ్గుపిండితో ఎనిమిది అంకె వేసి, పెదనాన్నని ఇన్‌స్పెక్టరుగా కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు గట్టెక్కింది. ఆ పెదనాన్న సామాన్యుడు కాదు. చిల్లకల్లు బళ్ళో ఐదో తరగతి చదివి, జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా నిలబెట్టి, వర్తక సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడైన రాధాకృష్ణమూర్తిగారు. ఒక మనిషిని ఫెయిల్ చేసే అధికారం ఆయనకి దొరకడం అదే మొదలు. తనివితీరా చేశారు.

అప్పట్నుంచి దేవిశ్రీకి ఒకటే పిచ్చి. ఉత్తుత్తిగా ఒకసారి చేయనిదే ఏ పనీ నిజంగా చేయదు. చివరికి ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. ఇంట్లో కూర్చుని వెబ్ అప్లికేషన్ల కంట్రోలర్లను పరీక్షించడం.

"కంట్రోలర్ అంటే ఏంటే?" అన్నారు పెదనాన్న.

"మన కొట్లో గుమస్తా అనుకోండి. వచ్చినవాళ్ళు అడిగింది విని, గోడౌనుకి కబురంపి, సరుకు తెచ్చి చేతిలో పెడతాడు. వాడికి పనొచ్చో రాదో చూడ్డానికి నిజం గోడౌనెందుకు? ఉత్తుత్తి గోడౌను, ఉత్తుత్తి బేరగాడు చాలు."

"దీనికి జీతమిస్తున్నారా?"

"ఇస్తున్నారు పెదనాన్నా."

"నిజమైనదేనా?"

తన పెళ్ళిచూపుల ముందురోజు బియ్యం బస్తాకి కండువా కప్పి, కాబోయే మామగారని కాఫీ ఇచ్చింది.

"బస్తా ఏమందే?" అంది పెద్దమ్మ కన్యకాపరమేశ్వరి.

"ఉద్యోగం మానొద్దంది."

"బస్తా మాట్లాడుద్దా?"

"నేను చెప్పమన్నదే చెబుద్ది పెద్దమ్మా. మా పరీక్షల్లో ఉత్తుత్తి మనిషిని మాక్ అంటాం. మాక్ అంటే అంతే."

మర్నాడు వచ్చిన అసలు మామగారు ఉద్యోగం మానెయ్యమన్నాడు. "బస్తానే నయం," అంటూ పెద్దమ్మ కాఫీ గ్లాసులు తీసేసింది.

ఇంతలో నందిగామ వర్తకులు సరుకు ఆర్డర్లకి వెబ్‌సైటు పెట్టుకున్నారు. ప్రారంభం నాడు పెద్ద తెర మీద మొదటి ఆర్డరు అందరికంటే పెద్దవారైన రాధాకృష్ణమూర్తిగారే పెట్టాలన్నారు. ఆయన దర్జాగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత అన్నం సహించలేదు. కంప్యూటరు ముట్టిన చెయ్యి కాదది. జిల్లా వర్తకులంతా నవ్వితే ఇన్నేళ్ళ పరువు ఏం కాను? నేర్పమని కూతురి వయసు పిల్లని అడగడమా?

సరిగ్గా అప్పుడే దేవిశ్రీకి సాయం కావాల్సొచ్చింది. "మా కంపెనీ సైటుకి ఉత్తుత్తి బేరగాడు కావాలి పెదనాన్నా. బాగా తప్పులు చేసేవాళ్ళయితే మంచిది."

"మరీ అంత వినయంగా అడుగుతున్నావు గనక," అని ఆయన కూర్చున్నారు. రోజూ విసుక్కుంటూనే కందిపప్పు కొన్నారు. సున్నా ఎక్కువ నొక్కి గోడౌనంతా ఖాళీ చేశారు. తప్పు నొక్కినప్పుడల్లా ఆమె చప్పట్లు కొట్టి, మూలనున్న ఎర్ర బొత్తాంతో దిద్దించేది. ఆ పని కాగానే ఆఫీసు వాళ్ళు పిలిచారని బెంగళూరు వెళ్ళింది.

నందిగామ సభలో తెర వెలిగింది. రాధాకృష్ణమూర్తిగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. అదే పేజీ. అదే మూల ఎర్ర బొత్తాం. వేలు జారి, పది కందిపప్పు బస్తాల చోట వంద పడింది. 'అంత సరుకు లేదు' అంది తెర.

"పెద్దాయన ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఒప్పుకున్నట్టున్నారు," అన్నాడు నందిగామ వర్తకుడు భవానీప్రసాద్. సభంతా నవ్వింది.

ఆయన తొణకలేదు. ఎర్ర బొత్తాం నొక్కి, అంకె మార్చి, ఆర్డరు పెట్టారు. "తప్పు పడితే ఎలా దిద్దుకోవాలో కూడా చూపించాలిగా ప్రసాదూ," అన్నారు. ఈసారి చప్పట్లు.

బయటికొచ్చి ఫోన్ చేశారు. "ఏమే, మీ కంపెనీ కందిపప్పు వ్యాపారం ఎప్పుడు మొదలెట్టింది?"

"నందిగామ సైటు చూసి అలాంటిదే కట్టా పెదనాన్నా. చెయ్యాల్సిన తప్పులేవో ఇంట్లోనే అయిపోతాయని."

"నేర్పిస్తానని చెప్పొచ్చుగా?"

"చెబితే కూర్చునేవారా మీరు?"

"సరేగానీ, మీ పెద్దమ్మ కాశీ తీసుకెళ్ళమంటోంది. రైలు టిక్కెట్లు నేనే తీస్తానని మాటిచ్చేశా. మీ కంపెనీకి ఉత్తుత్తి ప్రయాణికుడు ఎవరైనా కావాలేమో కనుక్కో. ఇంతకీ ఎప్పుడొస్తున్నావు?"

"నవంబరు పదహారు, ఆదివారం. ఈలోగా ఉత్తుత్తి రైలు సైటు కట్టేస్తా."