అమ్మ వాడిక

నా చిన్నప్పుడు మా అమ్మ కేక వేస్తే కోటవీధి ఆ చివర పడుకున్న పిల్లులు కూడా లేచి ఈ చివరికి పరుగెత్తుకొచ్చేవని మా పేటలో ఆడవాళ్లు వేళాకోళం చేసేవారు. అమ్మ చేపలమ్మేది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంపాటలో దక్కినవి గంపకెత్తుకుని, చుట్టకుదురు సర్దుకుని పాత ఊళ్లోకి నడిచేది. ఆమె గొంతు సన్నగా మొదలై, చివర్లో గాలిపటంలా పైకి లేచేది. "సేపలమ్మా... సేపలోయ్!" అని ఆ 'లోయ్' దగ్గర ఒక విరుపు. ఆ విరుపు వినే తలుపులు తెరుచుకునేవి.

మావాళ్లలో చేపలమ్మే ప్రతి ఆడమనిషికీ ఒక వాడిక ఉండేది. వాడిక అంటే ఆమె రోజూ తిరిగే వీధులు, ఆమె కోసం ఎదురుచూసే ఇళ్లు. ఒకరి వాడికలోకి ఇంకొకరు గంప దించేవారు కాదు. కొంపలు మునిగినా సరే, అది మా పేట మర్యాద. అత్త చేతిలోంచి కోడలి చేతికి వచ్చే ఆస్తి మాకు అదొక్కటే.

బడి లేని రోజుల్లో నేనూ అమ్మ వెనకాలే పోయేదాన్ని. పోర్టు గోడ పక్కనుంచి పాతపోస్టాఫీసు దగ్గరికి ఎక్కి, సున్నం రాలిపోతున్న మేడల మధ్య సందుల్లో దూరేవాళ్లం. ఎప్పటివో దొరల సమాధులున్న గోడ ఒకటి వచ్చేది. దాని మీదినుంచి సీతాఫలం కొమ్మ బయటికి వాలి ఉండేది. ఆ తర్వాత కురుపాం మార్కెట్టు, అది దాటాక గుడి, చర్చి, దర్గా వరసగా నిలబడ్డ కొండల కింద ఎగుడు దారి. అన్నిటికన్నా చివర తోట ఉన్న బంగళా. ఆ తోట వెనక చిన్న గెడ్డ పారేది, ఒడ్డున ఎవరో తోటకూర మళ్లు వేసేవారు. అక్కడికి వెళ్లేసరికి అమ్మ గంప తేలికైపోయేది. గెడ్డలో కాళ్లు పెట్టుకుని నా జడ అల్లేది. ఊరి మధ్యలో మాకంటూ ఒక పల్లెటూరు ఉందని గర్వపడేదాన్ని.

నేను నాలుగో తరగతిలో ఉండగా, వానాకాలంలో అమ్మకి జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి తీసుకొచ్చింది అమ్మని కాదు. ఇంతకన్నా ఆ సంగతి చెప్పడం నాకిప్పటికీ చేతకాదు. కర్మ అయ్యాక నాన్న బోటెక్కి వేటకి పోయాడు. నేను, మా నాన్నమ్మ మిగిలాం.

కొన్నాళ్లకి నాకో భయం పట్టుకుంది. అమ్మ మొహం ఉంది, స్టూడియోలో తీయించుకున్న ఫోటో గోడకి వేలాడుతోంది. గొంతు మాత్రం రోజురోజుకీ చెవిలోంచి జారిపోతోంది. అవి తొంభైల నాటి రోజులు. టేప్ రికార్డర్ ఉన్న ఇళ్లు ఉన్నాయి గానీ, చేపలమ్మే మనిషి కేకని ఎవరు రికార్డు చేసి దాచుకుంటారు? పక్కవాళ్ల మాటలు, రేడియో, ఓడల కూతలు, అన్నీ కలిసి అమ్మ గొంతుని చెరిపేస్తున్నాయని నాకనిపించింది. చెవుల్లో దూది కుక్కుకున్నాను. బడి మానేశాను. ఎవరైనా పలకరిస్తే మొహం తిప్పుకునేదాన్ని. అన్నం దగ్గర నాన్నమ్మ చేత్తో సైగ చేయాల్సి వచ్చేది. పిల్లకి గాలి సోకిందని కొందరు, తల్లి మీద బెంగని కొందరు. ఎవరి వైద్యం వాళ్లు చెప్పేవారు.

ఒకరోజు పొద్దున్నే నాన్నమ్మ అమ్మ గంప కడిగి, హార్బర్‌కి వెళ్లి కవళ్లు, నెత్తళ్లు, ఒక పాలసొర తెచ్చింది. నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. వాడిక మనిషి పోతే, ఆ ఇంటివాళ్లు ఒకసారి ఆ తోవంతా నడిచి గుమ్మం గుమ్మానికీ కబురు చెప్పి రావాలట. అప్పటిదాకా ఇంకొకరు ఆ వీధుల్లో గంప దించకూడదట. చచ్చిపోయిన మనిషి కంచం లాక్కున్నట్టు అవుతుందట.

"అందరూ సూత్తంటారే. నాకు తోవ తెల్దు. ముసిల్దాన్ని, ఎండు సేపల కాడ కూకునేదాన్ని. మీ యమ్మతో తిరిగినావు కదా, ముందు నడు."

నాన్నమ్మని నేనెప్పుడూ ఎండుచేపల దగ్గరే చూశాను. అందుకని నమ్మేశాను. దారి చూపించడానికి నోరు అక్కర్లేదు కదా అని ముందు నడిచాను. నాన్నమ్మ ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇటా అటా అన్నట్టు నావైపు చూసేది. నేను చెయ్యి చాపేదాన్ని. ఎవరింట్లో ఏ చేప తింటారో, ఏ ఇంట్లో బాలింత ఉందో నాకు కంఠతా వచ్చు. అమ్మ పోయాక మొదటిసారి నాకు పనొకటి దొరికింది.

కోటవీధి మొదట్లో నాన్నమ్మ ఆగింది. నోరు తెరిచింది. గరగరమని గాలి తప్ప ఏమీ రాలేదు. నా చెవుల్లో దూది తనే పీకేసి, గుసగుసగా అంది.

"ఏడ్సేడ్సి గొంతుక పోనాదే. నువ్వు కేకెయ్యి."

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ గంప మోస్తూ అలాగే నిలబడింది. మెడ నరాలు వణుకుతున్నాయి. గంప దించమంటే దించదు, కదలదు. చూడలేక కళ్లు మూసుకుని అరిచాను.

"సేపలమ్మా... సేపలోయ్!"

వీధిలో అమ్మ గొంతు వినిపించింది.

ఆ విరుపు నేను నేర్చుకున్నది కాదు. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. అటు ఇటు చూశాను, అమ్మ ఎక్కడినించైనా వస్తుందేమోనని. పచ్చ తలుపుల ఇంటావిడ పళ్లెం పట్టుకుని గబగబా బయటికొచ్చింది. "ఏమైపోయావే ఇన్నాళ్లూ? మార్కెట్టు చేప నోట పెట్టలేక చస్తున్నాం..." అంటూ వచ్చి, గంప కింద నాన్నమ్మనీ, పక్కన నన్నూ చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పళ్లెం అరుగు మీద పెట్టేసి, నన్ను దగ్గరికి లాక్కుని, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అలా గుమ్మం గుమ్మానికీ నడిచాం. మేడ మీది టీచరుగారు మెట్లు దిగుతూనే కూలబడింది. బాలింత ఇంట్లో నాన్నమ్మ, పాలు పడడానికి తినే ఆ పాలసొర పెట్టి, ఇది మా కోడలు ఇమ్మంది అనుకో తల్లీ అని సైగలతో చెప్పింది. నేను కేక వేసిన ప్రతిచోటా నవ్వుతూ తలుపు తీసి ఏడుస్తూ నిలబడేవారు. నాకు మాత్రం ఇంకా ఇంకా అరవాలనిపించింది. వాళ్లకి అమ్మ ఆ క్షణమే చచ్చిపోతోంది, నాకు ఆ క్షణమే బతుకుతోంది. సమాధుల గోడ దగ్గర ఇళ్లు లేవని తెలిసీ అరిచాను.

చివరికి తోట బంగళా చేరాం. అక్కడి పెద్దావిడకి చూపు దాదాపు లేదు. వరండాలో కుర్చీలోంచే అమ్మని పిలిచినట్టు నన్ను పిలిచింది. నాన్నమ్మ మెట్లెక్కి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చేతివేళ్లు తడిమి పెద్దావిడ ఉలిక్కిపడింది.

"నువ్వా? కోడలికి వాడిక అప్పగించి పోయినదానివి, మళ్లీ ఇన్నేళ్లకి నీ కాళ్లే ఎక్కాల్సి వచ్చిందా ఈ మెట్లు?"

అప్పుడు నాకు వెలిగింది. ఆ తోవ నాన్నమ్మదే. నేను పుట్టకముందే, అమ్మ కాపురానికి రాకముందే ఆవిడ అరిగేలా తిరిగిన తోవ. ప్రతి మలుపు దగ్గరా తెలియనట్టు నిలబడింది. తిరిగొస్తుంటే మార్కెట్టు దగ్గర ఒక ఆటో మామీదికి వచ్చింది. "కల్లు నెత్తికెక్కినాయేట్రా!" అని నాన్నమ్మ వేసిన కేకకి ఆటో ఆగిపోయింది, నేనూ ఆగిపోయాను. గొంతు పోవడం కూడా బూటకమే.

నడిరోడ్డు మీద ఆవిడ్ని రెండు చేతులతో కొట్టాను. కొడుతూ కొడుతూ ఏడ్చాను. అమ్మ పోయాక నేను ఏడవడం అదే మొదటిసారి. నాన్నమ్మ కొట్టనిచ్చింది. ఖాళీ గంప కింద పెట్టి, దాని పక్కనే కూర్చుని నన్ను ఒళ్లోకి లాక్కుంది.

"మీ యమ్మ గొంతుక నీ పీకలోనే ఉన్నాదే గుంటా. సెవుల్లో దూదెట్టుకుంటే ఏటి దొరుకుతాది?" అంది. మొహం పక్కకి తిప్పుకుని అంది, "నాకూ ఒక్కపాలి ఇనాలనిపించినాది."

ఇంటెడు దుఃఖం నా ఒక్కదానిదే అనుకున్నాను అప్పటిదాకా. కూతుళ్లు లేని ఆ మనిషికి కోడలు పోయిందని, ఆవిడ చెవులూ ఖాళీ అయ్యాయని నాకు తట్టనే లేదు. నా ముందు ఏడిస్తే నేను విరిగిపోతానేమోనని, ఆవిడ అన్నాళ్లూ ఎండుచేపల దగ్గరికి పోయి ఏడ్చి వచ్చిందట. తర్వాత పక్కింటి అక్క చెప్పింది.

ఆ వాడిక ఆ అక్కకే ఇచ్చేశారు. నేను మళ్లీ బడికి పోయాను, చదువుకున్నాను, గంప ఎత్తలేదు. నాన్నమ్మ బతికున్నన్నాళ్లూ అప్పుడప్పుడూ వంట చేస్తూ, ఊరికే అన్నట్టు, "ఒకపాలి కేకెయ్యే" అనేది. వేసేదాన్ని.

అమ్మ ముప్పై నిండకుండా పోయింది. ఆ వయసు వరకూ నా గొంతు అచ్చంగా ఆమెదే. ఆ తర్వాత నేను పెరిగాను, ఆమె అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు నా గొంతు బొంగురుపోయింది, 'లోయ్' దగ్గర పైకి లేవదు. ఈ గొంతు వింటే కోటవీధిలో ఏ తలుపూ తెరుచుకోదు. మొదట్లో అది తెలిసి చాలా రోజులు నోరు విప్పలేకపోయాను. అమ్మని రెండోసారి కూడా పోగొట్టుకున్నాననిపించింది.

అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లో నిలబడి చిన్నగా కేక వేస్తాను. నా వయసు దాకా బతికుంటే మా అమ్మ ఇలాగే పిలిచేదేమో అనుకుని వింటాను.